జీపు ఎత్తూ నా బరువూ

నేను లావుగా ఉంటాను. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే జరిగిందంతా దాని చుట్టూనే జరిగింది, మీరు మధ్యలో ఊహించుకుని నవ్వుకోవడం నాకిష్టం లేదు. ఎంత లావు అని మాత్రం అడగకండి. ఆ అంకె మా ఇంట్లోవాళ్ళకే తెలియదు, మీకెందుకు చెబుతాను?

మాది చిత్తూరు. బెల్లం మండీ వ్యాపారం. ఏడుగురు కూర్చునే పాత జీపు ఒకటి ఉంది. మండీకి, బజారుకి, పిల్లల్ని బడిలో దించడానికి దాన్ని తోలేది నేను. కడిగేది, తుడిచేది, దానికి నగలు చేయించేది మా ఆయన. నగలంటే ఇనుము. ముందు గుమ్మంత బంపరు, నెత్తిన క్యారియరు, ఆ క్యారియరు మీద రెండు స్టెప్నీ టైర్లు, నీళ్ళ క్యాన్లు, గొలుసులు, పార, ఎవరూ ఎన్నడూ మూత తీయని పనిముట్ల పెట్టె. మండీకి పోయే బండికి ఇవన్నీ ఎందుకయ్యా అంటే "అవసరానికి" అంటాడు. ఆ అవసరం నా పెళ్ళయిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా రాలేదు.

ఏడాదికోసారి మాత్రం జీపుకి నిజంగా పని పడుతుంది. ఐరాల దాటి గుట్టల్లోకి పోతే అక్కడ మా ఇంటి అమ్మవారి గుడి ఉంది, ఏటా అక్కడ చేసే పండగనే దేవర అంటాం. మా అత్త, మా ఆయన, ఆయన అక్క అంటే మా వదిన, మా పిల్లలిద్దరు, నేను. మా వెనక పొంగలి కుండలు, బియ్యం, కట్టెలు, ఒక పొట్టేలు. గుడికి కాస్త ఇవతల ఒక వంక అడ్డం వస్తుంది. మోకాలి లోతు నీళ్ళే, కానీ మధ్యలో బండరాళ్ళు. ఇంత బరువుతో దిగితే జీపు వెనక భాగం కుంగి, పొట్ట రాతికి కొట్టుకుని ఖణేల్‌మంటుంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా మా ఆయన తన ప్రాణమే పోయినట్టు ముఖం పెడతాడు.

అందుకని వంక దగ్గరికి రాగానే స్టీరింగు తను తీసుకుంటాడు. వెనక్కి తిరిగి "దిగండి" అంటాడు. అందరికీ చెప్పినట్టే అంటాడు, చూపు మాత్రం నా మీదే ఉంటుంది. మా అత్త పెద్దావిడ, దిగదు. మా వదినకు జలుబు చేస్తుంది, దిగదు. పిల్లలు చిన్నవాళ్ళు. పొట్టేలు సంగతి సరేసరి, అది దేవుడి సొత్తు. ఇక మిగిలింది నేను. చీర ఎత్తి పట్టుకుని నీళ్ళలో నడుస్తాను. జీపు నన్ను దాటుకుని దర్జాగా పోతుంది.

ఒక ఏడు మేం వంక దగ్గరికి వచ్చేసరికి అవతలి ఒడ్డున మా దాయాదులు నిలబడి ఉన్నారు. నేను నీళ్ళలో దిగగానే వాళ్ళలో ఒకాయన పెద్ద గొంతుతో "పొట్టేలును ఎక్కించి కోడల్ని దించినారేమప్పా, ఎవుర్ని కోస్తారు?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆరోజు పొంగలి సహించలేదు. తినలేదని కాదు, తిన్నాను, రెండుసార్లు పెట్టించుకున్నాను కూడా, కానీ సహించలేదు.

ఇంటికొచ్చి చెప్పేశాను. "వచ్చే దేవరకి నేను ఆ వంకలో కాలు పెట్టను. జీపన్నా లేవాల, లేదంటే నేను ఇంట్లోనన్నా ఉండాల. నన్ను దించినావా, పొంగలి నువ్వే పెట్టుకో." మా ఇంట్లో పొంగలి పెద్ద కోడలే పెట్టాలి. నాకు తోడికోడళ్ళు లేరు. మా అత్తకి గుండెల్లో రాయి పడింది.

మా ఆయనకి మాత్రం పండగే. జీపుకి ఎత్తు పెంచుకోవాలని ఎన్నాళ్ళుగానో ఫోనులో బొమ్మలు చూసుకుంటున్నాడు. ఇప్పుడు పెళ్ళాం నోటితోనే ఆ మాట వచ్చింది. మరుసటి వారమే అందరం తిరుపతి పోయాం, రేణిగుంట రోడ్డులో ఇట్లాంటి పనులు చేసే షెడ్డుకి. నన్ను వదిలి పోదామని చూశాడు గానీ, ఎత్తు ఎవరి కోసమని అడిగితే తనే తలుపు తీసిపెట్టాడు. కింద నుంచైనా కొండకి దండం పెట్టుకోవచ్చని మా అత్త కూడా ఎక్కింది.

షెడ్డు ఆయన నల్లకళ్ళద్దాల మనిషి. మాటలు మాత్రం తియ్యటివి. "నాలుగంగుళాలు లేపినామంటేనా, బండి సింహం మాదిరి నిలబడతాదన్నా" అని, లేపి పెట్టిన బండి ఒకటి చూపించాడు. మా ఆయన దాని చుట్టూ ప్రదక్షిణం చేశాడు. మా అత్త దాని ముందు నిలబడి మెట్టు వైపు చూసింది. మెట్టు ఆవిడ నడుం దగ్గరుంది.

"దీన్ని నేనెట్లా ఎక్కాలరా?"

"స్టూలు పెడతాం మా" అన్నాడు మా ఆయన.

"వద్దులే నాయనా. పొట్టేల్ని ఎత్తి పడేస్తారు గదా, దాంతోపాటు నన్నూ పడెయ్యి."

సింహం సంగతి అక్కడితో సరి.

తర్వాత షెడ్డు ఆయన చక్రాల్లాంటి ముక్కలు నాలుగు బల్ల మీద పెట్టాడు. స్ప్రింగు మీద ఒక్కోటి బిగిస్తే చాలు, బండి లేస్తుందట, ఖర్చు కూడా తక్కువట. "బరువేస్తే కుంగదా?" అని అడిగాను. "కుంగతాదక్కా, కాకపోతే రవ్వంత పైనుంచి కుంగతాది" అన్నాడు. పొట్టివాడు ఎత్తు చెప్పులేసుకున్నంత మాత్రాన మూట మోస్తాడా? అవతల పెట్టమన్నాను.

అవి కాకపోతే లారీలకి వేసేలాంటి గట్టి కమాన్ కట్టలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనప పట్టీలు, ఉన్నాయన్నాడు. ఊరంతా ఎక్కినా కుంగవట. నాకు ఆశ పుట్టింది. ఖాళీగా పోయేటప్పుడు ఎట్లా ఉంటుందని అడిగితే, తల గోక్కుని, "రవ్వంత ఎగరేస్తాదక్కా" అన్నాడు. ఆయన రవ్వంత ఎంత ఉంటుందో అప్పటికి నాకు తెలిసిపోయింది. మా అత్త అందుకుంది. "ఆ ఎగరేసేది నేరుగా పుత్తూరు దాకా ఎగరెయ్యమను. ఇరిగిన ఎముకలకి ఆడనే కట్టు కట్టించుకొని వస్తాం."

షెడ్డు ఆయన చివరికి విసుక్కున్నాడు. "ఇట్లా గాదక్కా. మీ బండి నిండితే ఎంత తూగతాదో సెప్పండి. దానికి తగిన కట్టలు, స్ప్రింగులు నేను సూస్తా. మనుషులు, సామాన్లు, అంతా కలిపి."

మా వదిన కొంగు సర్దుకుంది. మా ఆయన నెమ్మదిగా నా వైపు తిరిగి, "నువ్వెంత ఉంటావు?" అన్నాడు, నాకు మాత్రమే వినబడాలని. తిరుపతి మొత్తానికి వినబడింది.

"తూకమే గదా కావాల? బెల్లం మండీ ఇంట్లో తూకానికి కరువా? సిత్తూరికి పోయి తూపిద్దాం పద" అన్నాను.

మా మండీ పక్కనే లారీ కాటా ఉంది. బండి ఎక్కితే ఎంత తూగిందో పైన బోర్డు మీద ఎర్ర అంకెల్లో పడుతుంది, రోడ్డు మీద పోయేవాళ్ళకి కూడా కనపడేంత పెద్దగా. దేవరకి పోయినట్టే సామానంతా ఎక్కించుకుని పోదామని మా ఆయన అంటే మా అత్త ఒప్పుకోలేదు. దేవరకి పెట్టేది ముందే తూకం వేయకూడదట. అమ్మవారు లెక్కలడుగుతుందట. అందుకని కుండలకి, కట్టెలకి, పొట్టేలుకి బదులు బెల్లం మూటలు వేసుకున్నాం. పొట్టేలు మూటని మా వదిన ఒళ్ళో పెట్టుకుంది. ఎందుకో నన్నడగకండి.

కాటా మీద జీపు ఎక్కింది. గదిలోంచి కాటా ఆయన తల బయట పెట్టి, "ఏం సరుకక్కా?" అన్నాడు. చీటీలో రాయాలట.

"సంసారం" అన్నాను.

బోర్డు మీద అంకె పడింది. మండీలో హమాలీలు పని ఆపి చుట్టూ చేరారు. మా వదిన ఆ అంకె కనపడకూడదని తన ముఖానికే కొంగు కప్పుకుంది. మా ఆయన కిందికి దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని బోర్డు చూసి, గెలిచినవాడిలా నవ్వాడు. "ఇప్పుడు ఒగొగురే దిగండి. బండి యాడ కుంగతా ఉండాదో తేలిపోతాది."

అదీ ఆయన ఎత్తు. నలుగురిలో నా అంకె బోర్డెక్కించాలని. ఇంటికి పోదాం పదమనాలనిపించింది, నిజం చెబుతున్నాను. కానీ వెనక్కి తగ్గితే మళ్ళీ వంకలోనే కదా. "సరే. అందరికంటే ముందు నీ ఇనుము దిగనీ" అన్నాను.

"ఇనుమెందుకు? అది బండిదే కదా!"

"నేను మాత్రం ఎవురిదాన్ని?"

హమాలీలు ఆయన మాట కోసం ఆగలేదు. ఎక్కి టైర్లు దించారు, క్యాన్లు దించారు, పెట్టె దించారు. ఇద్దరు పట్టుకుంటే గానీ ఆ పెట్టె కదల్లేదు. క్యారియరు ఊడింది. స్పానర్లు తెచ్చి బంపరు కూడా ఊడదీశారు. అప్పుడు కాటా ఆయన మళ్ళీ తూకం చూశాడు. ఎర్ర అంకె దబ్బున పడిపోయింది. మా వదిన కొంగు తీసి మరీ చూసింది.

తర్వాత పిల్లలు దిగారు. మా వదిన మూటతో సహా దిగి, "మూటే ఎక్కువ" అని అందరికీ చెప్పింది. ఇక నా వంతు. మా ఆయన మెడ సాచి బోర్డు కింద నిలబడ్డాడు. నేను కాలు కింద పెట్టబోతుంటే మా అత్త చప్పున నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం ఒకేసారి దిగాం.

"అమ్మా! నువ్వెందుకు దిగినావు? కలిసిపాయ!"

"అయితే ఏమిరా? కన్నతల్లి బరువు అడగతావా నువ్వు?"

కాటా చుట్టూ ఉన్నవాళ్ళంతా మా ఆయన్నే చూశారు. మా అత్తాకోడళ్ళ తూకం ఇప్పటికీ ఉమ్మడి ఆస్తే, విడదీయడం ఎవరి తరమూ కాదు. ఇద్దరం కలిసి దిగినా ఆయన ఇనుము తగ్గించినంత తగ్గించలేదు. ఇన్నేళ్ళూ జీపు నడుం వంచింది నేను కాదు. ఆ సంతోషంలో హమాలీలందరికీ టీ ఇప్పించాను.

మళ్ళీ తిరుపతి పోయాం. ఒక్క స్టెప్నీ, ఒక్క జాకీ తప్ప మిగతా ఇనుమంతా మండీలో పడేసి పోయాం. ఎత్తు రెండంగుళాలు చాలన్నాను. మా అత్త చెయ్యి ఊతంతో ఎక్కగలిగినంత. వెనక కట్టలు కొంచెం గట్టివి. మేమంతా ఎక్కితే కుంగకూడదు, నేనొక్కదాన్నే మండీకి పోయేరోజు ఎగరేయకూడదు. వాటికి సరిపడా షాకబ్జార్బర్లు. షెడ్డు ఆయన సింహం పోయిందని కాస్త దిగులుపడ్డాడు. మా ఆయన బంపరు గురించి ఇంకా ఎక్కువ దిగులుపడ్డాడు. ఇప్పుడు దాని మీద గోనెసంచులు ఆరేస్తున్నాం.

దేవర వచ్చింది. అందరం ఎక్కాం, పొట్టేలు కూడా. వంక ఒడ్డుకు రాగానే అలవాటుగా నేను బండి ఆపి వెనక సీట్లోకి పోయాను, ఆయన స్టీరింగు ముందుకు మారాడు. ఆ ఏడు నీళ్ళు కాస్త ఎక్కువే ఉన్నాయి. అవతల దాయాదులు ఎప్పట్లాగే వినోదం చూడటానికి నిలబడి ఉన్నారు. ఆయన బండి కదపకుండా నీళ్ళు చూశాడు. అద్దంలో చూశాడు. నెమ్మదిగా వెనక్కి తిరిగాడు.

"మే, నువ్వు రవ్వంత దిగితే..."

నేను నమ్మలేకపోయాను. ఇన్ని తిప్పలు పడి, కాటా ఎక్కి, నలుగురిలో పరువు పణం పెట్టి, ఇంత చేశాక కూడా ఆయన నోటికి అదే మాట వచ్చింది. కోపం కంటే ముందు ఏడుపొచ్చింది.

"దిగను" అన్నాను.

"అది గాదే. కొత్త కట్టలు గదా, మొదటిసారి. రవ్వంత బరువు తగ్గితే మేలని."

ముందు సీట్లోంచి మా అత్త అంది, "బరువు తగ్గాలంటే ఎవురు దిగినా తగ్గతాది గదరా. నువ్వు దిగు."

"నేను దిగితే బండెవురు తోలాల?"

"దినామూ తోలేది ఎవురు?"

ఆయన దిగాడు. ఏం చేస్తాడు? దేవర బాటలో వంక దాటేవాళ్ళు చెప్పులు వేసుకోకూడదు, అది మా ఇంటి కట్టుబాటు. చెప్పులు చేత్తో పట్టుకుని, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని నీళ్ళలోకి దిగాడు. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. మొదటి గేరులో జీపుని నీళ్ళలోకి దించాను. ఒక బండ, ఇంకో బండ. వెనక కుండలు గలగలమన్నాయి. ఖణేల్‌మనే చప్పుడు కోసం అందరం ఊపిరి బిగబట్టుకుని ఉన్నాం. అది రాలేదు. అవతలి ఒడ్డెక్కి బండి ఆపితే దాయాదులు నన్ను చూశారు, తర్వాత నీళ్ళలో ఉన్న మా ఆయన్ని చూశారు. ఎవరూ నవ్వలేదు.

ఆయన రావడానికి చాలాసేపు పట్టింది. ఒక కాలెత్తి, ఇంకో కాలు పెట్టి, మధ్యలో ఒకసారి జారి, "అమ్మా" అని ఆగి, కుంటుకుంటూ వచ్చాడు. ముందు మా అత్త కూర్చుని ఉంది, స్టీరింగు దగ్గర నేనున్నాను. వెనక తలుపు తీసుకుని పొట్టేలు పక్కన కూర్చున్నాడు. అరికాళ్ళు చేత్తో రుద్దుకోవడం మొదలుపెట్టాడు. గుడి కనబడుతుండగా అన్నాడు.

"ఆ రాళ్ళు ఇంతగా కుచ్చుకుంటాయని ఇన్నేండ్లలో ఒగసారన్నా సెప్పలేదేమే?"

"నువ్వు ఒగసారన్నా అడిగినావా?" అన్నాను.

ఆ రోజు పొంగలి నేనే పెట్టాను. తిరిగి వచ్చేటప్పుడు వంక దగ్గర బండి నెమ్మది చేస్తే, ఎవరూ ఏమీ అనకుండానే ఆయన చెప్పులు విప్పి తలుపు తీయబోయాడు.

"కూసో" అన్నాను.