బొగ్గు చుక్క పైకి పెట్టిన గుడ్లు

మొన్న కోడలు ఫ్రిజ్‌లో గుడ్లు సర్దుతుంటే నా చెయ్యి ఊరుకోలేదు; సన్న కొస పైకి ఉన్న రెండింటిని తిప్పి, లావు వైపు పైకి వచ్చేటట్టు పెట్టాను. వండుకు తినే గుడ్డు ఎటుంటే ఏమిటని ఆమె నవ్వింది. నిజమే, ఆమెకేం తెలుసు.

మంథని దగ్గర మా ఊళ్లో, అవ్వ తల్లిగారింటి నుంచి వెంట తెచ్చుకున్న కోళ్ల సంతతి ఒకటుండేది. పొదుగుకు పెట్టే ప్రతి గుడ్డుకూ, తరువాత పెట్టిన గుడ్లతో కలిసిపోకుండా, సన్న కొసన అవ్వ బొగ్గుతో చుక్క పెట్టేది. ఒక ఏడు జంగపిల్లి కోళ్లన్నింటినీ చంపేసింది. గంపలో పద్నాలుగు గుడ్లు మిగిలాయి. పక్కింటి కోడి కింద పెడతానని అవ్వ అంటే, కరీంనగర్ అవతల హేచరీలో చేరి నెలన్నా నిండని నేను, గుడ్లు పొదిగే మా మిషన్ ఉండగా అరువు కోడి ఎందుకని గొప్పలు పోయి, ఊక పోసిన గంపను ఒళ్లో పెట్టుకొని బస్సెక్కాను.

సూపర్‌వైజర్‌ను బతిమాలి ఒక ట్రే సంపాదించాను. లావు వైపు పైకి పెట్టాలని చేరిన రోజే చెప్పారు గానీ ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. చూడ్డానికి బాగుంటుందని కాబోలు అనుకున్నాను. అవ్వ గుడ్లు ఫారం గుడ్లలో కలిసిపోతాయన్న భయంతో, బొగ్గు చుక్కలు కనపడేటట్టు అన్నింటినీ సన్న కొస పైకి నిలబెట్టాను.

ఇరవై ఒకటో రోజు మిగతా ట్రేలన్నీ కిచకిచలాడాయి. అవ్వ ట్రేలో రెండే పిల్లలు వచ్చాయి. మరునాడు సూపర్‌వైజర్ మిగిలినవి పగలగొట్టి చూపించాడు. ఈకలు, గోళ్లు వచ్చిన నిండు పిల్లలు. చాలావాటి తల సన్న కొసనే ఉంది.

"గాలి జాగ లావు దిక్కుంటది, పిల్ల ముక్కు అటు తిరగాలె. గిట్ల తలకిందులు పెడితే ఊపిరెట్ల అందుతది?" అన్నాడు. నా మీద నాకే అసహ్యం వేసింది.

వచ్చిన రెండింటిలో ఒకటి ఊరికి తీసుకుపోయే దారిలోనే పోయింది. రెండోది బతికి పుంజయింది.

"నీ మిషిన్ మంచిదే బిడ్డా, నా గుడ్లల్లనే జీవం లేకుండె. ఫికర్ చెయ్యకు," అంది అవ్వ.

జీవం నిండుగా ఉండె అవ్వా, నేనే చంపుకున్నానని అప్పుడే చెప్పవలసింది. చెప్పలేదు. ఆమె మళ్లీ కోళ్లను పెంచలేదు.

ఇప్పుడు మా ఊరికి కూడా గుడ్లు అట్టల్లో బండి మీద వస్తాయి; అవ్వ కోళ్లు ఎట్లుండేవో గుర్తున్నవాళ్లు లేరు. తప్పు తన గుడ్లదేనని నమ్ముతూనే అవ్వ పోయింది. నేను మాత్రం ఎవరింటికి పోయినా, ఏ పిల్లా రాని గుడ్లను ఇంకా తిప్పి పెడుతూనే ఉన్నాను.