వేటకు వెళ్ళని వాడి మీద పేడనీళ్ళు

అనంతగిరి దాటాక వచ్చే మలుపులో గంగకు టీ దుకాణం ఉంది. ఆశ్రమ పాఠశాలలో చదివినన్నాళ్ళూ ఆమె బాస్కెట్‌బాల్ ఆడింది. పదో తరగతి తప్పాక బంతి ముట్టలేదు గానీ పిచ్చి మాత్రం వదల్లేదు. విశాఖలో జీతాలిచ్చి ఆడించే డాల్ఫిన్స్ జట్టు మ్యాచ్ ఉందంటే ఫోను పంచదార డబ్బాకు ఆనించి పెట్టుకునేది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా తెలిసేది కాదు.

ఆ జట్టులో ఫల్గుణ ఉన్నాడు. వాళ్ళ గూడెం వాడే, ఆమెకు వరసకు బావ. ఒకప్పుడు అతను బంతి పట్టి పైకి లేస్తే కిందికి దిగడం మరిచిపోయాడేమో అనిపించేది. ఇప్పుడు నలభై దగ్గరపడ్డాయి. ఈ సీజనంతా జట్టు ఓడుతూనే వచ్చింది. అవతలివాళ్ళు బంతి లాక్కుని పరిగెడుతుంటే ఫల్గుణ మధ్య గీత దగ్గరే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేవాడు. కుర్రాళ్ళకు పాసు ఇవ్వకుండా దూరం నుంచి తానే విసిరేవాడు. బంతి రింగు దాకా కూడా వెళ్ళేది కాదు. గంగ ఫోనుకే శాపనార్థాలు పెట్టేది. మీ బావ నిన్న కూడా నిలబడి నిద్రపోయాడటగా అని జీపు డ్రైవర్లు టీ తాగుతూ ఏడిపిస్తుంటే ఆమెకు ఒళ్ళు మండేది.

చైత్రంలో వచ్చే వేట పండగకు, ఇటుకల పండక్కి, ఫల్గుణ ఊరికొచ్చాడు. పండగ రోజుల్లో మగవాళ్ళు వేటకు పోతారు. అడవిలో ఇప్పుడు దొరికేదేమీ లేదు, అయినా పోతారు. ఉత్తి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు పోసి ఆట పట్టిస్తారు. మరదళ్ళకైతే అది హక్కు. తడిసినవాడు నవ్వాలి.

ఆ సాయంత్రం ఆడవాళ్ళు కుండలు పట్టుకుని దారి కాశారు. వేటగాళ్ళు ఇంకా రాలేదు. ఫల్గుణ తన ఇంటి అరుగు మీద తెల్లచొక్కాతో కూర్చుని ఉన్నాడు. అతన్ని చూడగానే గంగకు ఓడిన మ్యాచ్‌లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. కుండ ఎత్తుకెళ్ళి అతని నెత్తిన కుమ్మరించింది.

“ఇన్నాళ్ళు విశాపట్నంలో వేటాడి ఏటి తెచ్చినావు బావా? పరిగెట్టలేనోడివి, కుర్రోలికి సోటివ్వరాదా?”

అందరూ నవ్వుతారనుకుంది. ఎవరూ నవ్వలేదు. ఫల్గుణ లేవబోయాడు. కుడి కాలు చాపలేకపోయాడు. భార్య కనక పరుగున వచ్చి భుజం ఇస్తే, దాని మీద బరువంతా వేసి లేచాడు. వేటకు వెళ్ళనిది అందుకే.

ముసలి దేముడమ్మ గంగ చేతిలోని కుండ లాక్కుంది.

“ఎల్లొచ్చినోలి మీద పోత్తారే. ఎల్లలేనోడి మీద పోత్తారేటి? మంచాన పడ్డోల మీద ఎప్పుడైనా పోసినామా?”

గంగకు ఆచారం తెలియక కాదు. ఆటలో అతని మోకాలికి ఉండే కట్టు కూడా ఫోనులో చూస్తూనే ఉంది. ఆడలేనివాడి సాకు అనుకుంది.

చొక్కా ఉతికి ఇస్తానని చేయి చాపింది. కనక ఇవ్వలేదు. జట్టువాళ్ళు ఇక రావద్దన్నారని, పండగపూట మనవాళ్ళ మధ్య కూర్చుంటే మనసు కుదుటపడుతుందని తానే బతిమాలి తీసుకొచ్చానని మాత్రం చెప్పింది. తిట్టినా బాగుండేది. కనక తిట్టలేదు.

వెలుగుండగానే డప్పులు వినిపించాయి. వేటగాళ్ళు ఉత్తి చేతులతోనే వచ్చి, తడవడానికి సిద్ధంగా వరసన నిలబడ్డారు. ఏటా మొదటి కుండ గంగదే. ఆడవాళ్ళు పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చారు. ఆమె కదల్లేదు. డప్పు ఆగిపోయింది. వేటగాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఫల్గుణ తల తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

“పొయ్యవే గంగా,” అన్నాడు. గొంతులో కోపం లేదు. “ఆల్లు ఎల్లొచ్చినోలే.”

గంగ ఇంకో కుండ ఎత్తింది. అది ఒరిగి సగం నీళ్ళు తన చీర మీదే పడ్డాయి. జనం గొల్లున నవ్వారు. ఫల్గుణ కూడా నవ్వాడు. ఆమె మాత్రం అటు చూడలేకపోయింది.