అమ్మ జీన్స్ వైద్యం

ఆ వీడియో నేను ఆటోల పోతుంటే చూసిన. మోకాలు అరిగినోళ్లకు జీన్ థెరపీ. పనికొచ్చే జీన్‌ను, రోగం పుట్టియ్యని వైరస్‌ల పెట్టి, సూదితోని కీలులకు పంపిస్తరట. ఇగ మందు మోకాలే తయారు చేసుకుంటదట.

సూరత్ల మా ఇంట్ల కింద కూసొని చీరలకు ధాగా కటింగ్, అంటే ఎక్కువైన దారాలు కత్తిరించుడు, చేసీ చేసీ అమ్మ మోకాళ్లు పోయినయి. లేవాలంటే గోడ పట్టుకోవాలె. పోయినేడు మా సొసైటీల అందరు వంగి వంగి బతుకమ్మ ఆడుతుంటే, కుర్చీల కూసొని చూసింది. ఇంటికొచ్చి అన్నం గూడ తినలే. "వచ్చే యేడన్న ఆడతనా బిడ్డా?" అన్నది.

గందుకే ఆటోలకెల్లే ఫోన్ కొట్టిన. "అమ్మా, నీకు జీన్ థెరపీ చేపిస్త, తయారుండు."

ఇంటికి పోయేసరికి బిల్డింగ్ మొత్తానికి ఎరుకైంది. పక్కింటి పెద్దమ్మ మెట్ల మీదనే పట్టుకున్నది. "ఏందే, మీ అమ్మకు జీన్స్ ఏపిస్తవంట? గీ వయసుల?"

"గట్టి బట్ట గదక్కా, మోకాలును బిగపట్టి ఉంచుతదేమో," అన్నది అమ్మ లోపలికెల్లి. గీ బట్టల ఊర్ల ఉన్నంక ఏ రోగానికైనా మందు బట్టనే.

"జీన్స్ కాదే, జీన్!" అని ఒర్రిన.

అమ్మను తోల్కపోయి, ఆల్థాన్ ఏరియాల ఎముకల డాక్టర్‌కు వీడియో చూపెట్టిన. "బేటా, ఇది ఇంకా పరీక్షలల్లనే ఉన్నది, నేనియ్యలేను. ఇప్పటికైతే కసరత్తు చెయ్యాలె, కింద కూసునుడు బంద్ చెయ్యాలె," అన్నడు.

నాకు మండింది. "కసరత్తు చెప్పనీకి మీరెందుకు సార్, నా ఫోన్ చాలదా?"

అమ్మ నా చెయ్యి గిచ్చింది. "పిల్లకు జర కోపమెక్కువ సాబ్, దిల్ మంచిది," అని వచ్చీరాని హిందీల సర్దింది.

ఇంట్ల కసరత్తు మొదలువెడితే, చీరతోని కాళ్లు లేపుడు కుదరలే. నా పాత ట్రాక్ ప్యాంట్ ఇచ్చిన. గొళ్లెం పెట్టుకొని తొడుక్కున్నది, అద్దంల చూసుకొని ఒకటే నవ్వుడు. పొద్దుగాల నా ఫోన్ల అలారం మోగితే "నీ ఫోన్ పాడుగాను" అని తిట్టుకుంటనే కాలు లేపేది.

ఈ యేడు బతుకమ్మకు అమ్మ వరుసల నిలవడ్డది. పూరా వంగలే, సగమే. నొప్పి పోలే, మొఖంల తెలుస్తనే ఉన్నది. కానీ చప్పట్లు ఆపలే. కొత్తచీర అంచు కింద నల్లగ ట్రాక్ ప్యాంట్ కనవడుతున్నది.

"అమ్మా, ఇజ్జత్ పోతది, అది తీసి రావొద్దా?"

"ఊకోవే. ఇది ఉంటేనే మోకాలు మాట వింటది."

"జీన్స్ పనిచేసిందే పోరీ!" అని పెద్దమ్మ అటుదిక్కు నుంచి మొత్తుకున్నది.

జీన్స్ కాదు అననీకి నోరు తెరిచిన. గంతట్లనే అమ్మ మళ్ల వంగింది. ఫోన్ ఎత్తి వీడియో తీసిన.