రెండో చిలక

పాత రంగు కాలుతున్న వాసన తగిలితే నేను ఇప్పటికీ ఓర్చుకోలేను. మొన్న అమలాపురంలో మేం రంగులు వేస్తున్న ఒక పాత ఇంట్లో, మా పనివాడొకడు వేడిగాలి మిషనుతో తలుపు మీది పెయింటు ఊడదీస్తుంటే పరుగున వెళ్లి ప్లగ్గు పీకేశాను. నున్నటి తలుపే, దాని మీద చెక్కడమేమీ లేదు. అతను తెల్లబోయి చూశాడు. అతనికి ఏసుపాదం మేస్త్రిగారు తెలియదు. మీకూ తెలియదు కాబట్టి చెబుతాను.

తొంభైల చివర్లో మస్కట్ నుంచి తిరిగొచ్చి ఆయన దగ్గర పనికి కుదిరాను. అప్పటికి నాకు ముప్పై దాటాయి. పెద్ద పెద్ద భవనాలకు రంగులు వేసి వచ్చానన్న పొగరు నెత్తికెక్కి ఉండేది. ఆయన పద్ధతి చూస్తే నవ్వొచ్చేది. మండువా ఇల్లు ఒప్పుకుంటే మొదటిరోజు డబ్బా మూత తీసేవారే కాదు. పొద్దున్నా మధ్యాహ్నం సాయంత్రం అరుగు మీద కూర్చుని, స్తంభాల మీద వెలుగు ఎలా మారుతోందో చూసేవారు. దూలాలు, కిటికీ చట్రాలు చేత్తో తడిమేవారు. గోడకి ఏ రంగన్న మాట ఆ తర్వాతే.

"గోడలకి గులాబీ ప్లాస్టిక్ పెయింటు, స్తంభాలకి మెరూను, చెక్కిన పువ్వులకి బంగారు రంగు కొడదామండి బాబాయిగారూ. మస్కట్లో అయితే..." అన్నానొకసారి.

"మస్కట్లో మన వానలు పడవు కదయ్యా. ఇక్కడ సున్నపు గోడ నీళ్లు తాగుద్ది, మళ్లీ వదులుద్ది. దాని ముక్కు మూసేస్తావా? అయినా టేకు స్తంభం మాటాడాలంటే గోడ నోరు మూసుకోవాలి," అన్నారు.

కొత్తపేట దగ్గర మంగతాయారుగారని ఒక రిటైరైన టీచరమ్మ ఇల్లు ఒప్పుకునేనాటికి ఆయన కళ్లలో పొరలు ముదిరాయి. రంగు కలిపి, ఎలా ఉందో నన్ను అడిగేవారు. ఆ ఇంటి సింహద్వారం మీద ఎన్నో పూతల ఆకుపచ్చ ఎనామిల్ పేరుకుపోయి ఉంది. "దీని కింద రెండు చిలకలున్నాయండి. చిన్నప్పుడు మా నాన్నగారు ఎత్తుకుంటే చేత్తో తడిమేదాన్ని. మళ్లీ వాటిని చూడాలనుంది," అన్నారావిడ. మేస్త్రిగారు గాజుపెంకుతో రోజుకి జానెడు చొప్పున గీకారు. మొదటి చిలక బయటపడింది, ముక్కున జామపండుతో. తలుపొక్కటే కంటికి ఆనేలా గోడలకి వెన్నలాంటి తెలుపు వేద్దామనుకున్నారు.

ఆయన కంటి డాక్టరు దగ్గరికి వెళ్లినరోజు, మస్కట్ నుంచి తెచ్చుకున్న, మంటతో పెయింటు ఊడదీసే బ్లోలాంపు వెలిగించాను. వారం రోజుల పని ఒక్క పూటలో చేసి చూపించాలని నా దుగ్ధ. పావుగంటలో పెయింటు బుడగలెత్తింది. దాని వెనకే ఎండిన కర్ర అంటుకుంది. నీళ్లు కొట్టేసరికి రెండో చిలక బొగ్గయిపోయింది. ఆ బొగ్గు గీకి, గుంటలో లప్పం పెట్టి, పైన పాలిష్ పూశాను.

మర్నాడు ఆయన వేళ్లు తలుపు మీద నడిచి నడిచి అక్కడ ఆగాయి.

"రెండో చిలకేదయ్యా?"

"చెద తినేసిందండి. లోపలంతా డొల్ల."

వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. "ఆయ్," అన్నారు, నా మాట ఒప్పుకున్నట్టే. వేళ్లు పంచెకి తుడుచుకుని, "గోడలకి తెలుపొద్దు. సున్నంలో కాస్త కావి కలుపు. తెల్లగోడ పక్కన మచ్చ దూరానికే కనపడుద్ది," అన్నారు. నలభై ఏళ్ల విద్యను నా తప్పు కప్పడానికి ఖర్చుపెట్టారు.

ఆ గోడ మోసం చేసింది కళ్లనే. మంగతాయారుగారు వస్తూనే చెయ్యి పెట్టి తడిమారు. అక్కడే నిలబడి చిన్నపిల్లలా ఏడ్చారు. నేను వంగి డబ్బాల మూతలు బిగించసాగాను.

"పొరపాటు నాదేనండి. కళ్లు ఆనక కాల్చేసేను. క్షమించండమ్మా," అన్నారు మేస్త్రిగారు.

దారిలో సైకిలు నడిపిస్తూ, "అలా ఎందుకు చెప్పేరండీ?" అని అడిగాను.

"ఈ కళ్లతో నేనింక ఎన్నాళ్లు చేస్తానులే. నీకు ముందంతా ఉంది. ఇంకెప్పుడూ కర్ర దగ్గరికి నిప్పు తీసుకెళ్లకు."

కబురు ఊళ్లు దాటింది. మేస్త్రిగారిని ఎవరూ పనికి పిలవలేదు. ఆపరేషనయ్యి చూపు చక్కగా వచ్చాక కూడా పిలవలేదు. ఆయన చేసే ఇళ్లన్నీ నాకొచ్చాయి. రెండేళ్లు వాకిట్లో కుర్చీ వేసుకుని దారినపోయే వాళ్లను చూస్తూ, ఒక వానాకాలంలో పోయారు. సమాధుల పండగకి ఆయన సమాధికి ఏటా నేనే సున్నం వేస్తాను. ఆ పని ఇంకొకరి చేత చేయించను. దానివల్ల నా మనసు తేలికపడిందని మాత్రం చెప్పలేను.

మంగతాయారుగారింటికి ఇప్పటికీ నేనే రంగులు వేస్తాను. గోడలకి అదే కావి. కిందటిసారి ఆవిడ కర్ర ఊతంగా వచ్చి, తలుపు మీద నున్నటి చోట చెయ్యి వేసి నిలబడ్డారు.

"మేస్త్రిగారు మంచివారేనయ్యా, పాపం. ఆ కళ్లే ఆయన్ని ముంచేసేయి. నువ్వయితే ఇలా కానిచ్చేవాడివి కాదు."

బకెట్లో కావి కలుపుతూ, తలెత్తకుండా, "ఆయ్," అన్నాను.