మూలల్లేని చందమామ

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో, నాకు రాని పని లేదని నాకు గట్టి నమ్మకం. (ఆ నమ్మకం నాకు తప్ప ఇంకెవరికీ ఉండేది కాదు.) రాజోలు నుంచి రోజూ బస్సులో అమలాపురం వెళ్లి, ఒక ప్రైవేటు బడిలో సైన్సు పాఠాలు చెప్పి వచ్చేవాణ్ణి. ఏడాది కావస్తుంటే, సోమవారం జరిగే సైన్సు ఎగ్జిబిషన్‌లో నా పనితనం చూసి, నన్ను ఉంచాలో పంపెయ్యాలో తేలుస్తానని మా పెద్ద మేడమ్‌గారు చెప్పేశారు. అందరూ చేసే థర్మోకోల్ అగ్నిపర్వతం మనమూ చేస్తే ఏం గొప్ప అనుకుని, ఆన్‌లైన్‌లో చందమామ పజిల్ ఒకటి తెప్పించాను. ఐదు వందల ముక్కలు. పేరిస్తే సైకిలు చక్రమంత గుండ్రటి చంద్రుడు. రెండు రోజుల్లో పేర్చి తెచ్చేస్తానని స్టాఫ్‌రూములో అందరి ముందూ కోతలు కోసేశాను కూడా.

నాకు తెలిసిన పజిల్ విద్యంతా మూలల దగ్గర మొదలవుతుంది. ముందు నాలుగు మూల ముక్కలూ వెతుక్కుని, అంచులు కట్టుకుంటూ లోపలికి రావాలి. డబ్బా బోర్లించి గంటసేపు మూలలు వెతికాక గానీ, గుండ్రటి దానికి మూలలుండవని ఈ సైన్సు మాస్టారికి తట్టలేదు. పోనీ రంగు చూసి పేరుద్దామంటే మొత్తం పొయ్యిలో బూడిదే. అయినా ఏం మాయో గానీ వదలబుద్ధి కాదు. మామూలు పజిల్‌కి తలా కాళ్లూ ఉంటాయి, దీనికి లేవు. ఎటు కూర్చున్నా తిన్నగా మనవైపే చూస్తున్నట్టుంటుంది. చంద్రుడి మీద ఒక గుంట కుదిరితే పక్క గుంట రమ్మంటుంది. అన్నం చల్లారిపోతోందని అమ్మ పిలిచినప్పుడల్లా ఇదిగో ఒక్క ముక్క అంటూ శుక్ర, శనివారాలు దాటించాను. ఆదివారం మధ్యాహ్నానికి ఇంకా నూట యాభై ముక్కలు మిగిలాయి.

అదే రోజు నాలుగింటికి మా ఇంట్లో స్త్రీల సమాజం ప్రార్థన. అది వంతులవారీగా ఒక్కో ఆదివారం ఒక్కొక్కరి ఇంట్లో జరుగుతుంది. మా వంతు వచ్చిందని అమ్మ వారం నుంచీ చెబుతూనే ఉందట. ఇంట్లో ఉన్నది ఒకటే బల్ల. దాని మీద బైబిలూ పూలగుత్తీ ఉండాలి. ఉన్నదేమో చంద్రుడు. కింద అట్ట పరిచి ఉన్నా, సగంలో కదిపితే చెదిరిపోతాడు. చివరికి ఇద్దరం రాజీకొచ్చి, పైన తెల్ల దుప్పటి కప్పేశాం.

ఆ సమాజానికి పెద్ద మా మేనత్త. ఎవరికైనా నిలబెట్టి పని చెప్పగలదు కనక, ఊళ్లో అంతా కలెక్టరత్త అనేవారు. కప్పిన దాన్ని కప్పినట్టు వదిలే మనిషి కాదు. రాగానే దుప్పటి ఎత్తి, ఇదేంటని అడిగింది. రేపటి సంగతీ, ఉద్యోగం సంగతీ ఏడుపు గొంతుతో చెప్పుకున్నాను.

"అయితే పాస్టరు అయ్యగారు వచ్చేలోగా తలో ముక్కా వెయ్యండర్రా," అంది అత్త.

బైబిలు స్టూలు మీదికి మారింది. పదకొండు మంది ఆడవాళ్లు బల్ల చుట్టూ చేరారు. గుండ్రటిది కాబట్టి ఎవరికీ తలకిందులు కాలేదు, తాను చివర్న ఉన్నానని ఎవరూ మూతి ముడుచుకోలేదు. ఆత్రేయపురంలో పుట్టి, చిన్నప్పటి నుంచీ పూతరేకులు చుట్టిన ఒక పిన్ని, ముక్కని కంటితో కాక వేలికొసతో తడిమి చూసి టపటపా వేసేస్తోంది. ఇంతలో మా పాస్టరు అయ్యగారు వచ్చారు. గడియారం చూశారు, దగ్గారు, మళ్లీ దగ్గారు, చివరికి తనూ ఒక ముక్క తీసుకున్నారు. ప్రార్థన అరగంట ఆలస్యంగా మొదలైంది. అందరం తలలు వంచి కళ్లు మూసుకున్నాం. అయ్యగారు చాలాసేపు ప్రార్థించి ఆమెన్ అన్నాక కళ్లు తెరిస్తే, చంద్రుడిలో నాలుగు ముక్కలు కొత్తగా కుదిరి ఉన్నాయి. ఎవరు పెట్టారంటే ఎవరూ ఒప్పుకోలేదు. అయ్యగారు మాత్రం ఎవరినీ అడగలేదు. (ఆయన్ని అనుమానించిన పాపం నాది.) టీలు తాగి, పొద్దు వాలేలోగా మొత్తం పూర్తి చేసేశారు.

సోమవారం చంద్రుణ్ణి కింద పరిచిన అట్టతో సహా ప్లైవుడ్ చెక్క మీదికి జరిపి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని బడికి చేర్చాను. పెద్ద మేడమ్‌గారు అగ్నిపర్వతాలన్నీ దాటుకుంటూ వచ్చి నా బల్ల ముందు ఆగారు. వేలితో చంద్రుడి అంచంతా చుట్టి వచ్చారు.

"ఇదంతా మీరొక్కరే పేర్చేరా మాస్టారూ?"

ఉన్నదున్నట్టు చెబుదామనే నోరు తెరిచాను. ఉద్యోగం కళ్లముందు ఆడింది.

"ఆయ్, నేనొక్కణ్ణేనండి," అన్నాను.

మేడమ్‌గారి చూపు నా వెనక్కి వెళ్లింది. తిరిగి చూద్దును కదా, కలెక్టరత్త. ఆవిడ వెనక అమ్మ, అమ్మ వెనక సమాజం మొత్తం. తాము పేర్చిన చంద్రుణ్ణి పదిమందీ చూస్తుంటే చూసుకోవాలని, ఇస్త్రీ చీరలు కట్టుకుని బస్సెక్కి వచ్చారు. ఆత్రేయపురం పిన్ని తను వేసిన గుంటని పక్కావిడకి చూపించబోతూ వేలు వెనక్కి తీసుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. మీరెవరండీ అని మేడమ్‌గారు అడిగారు. అత్త ఒక అడుగు ముందుకు వేసింది.

"మావోడి తాలూకానండి. రెండ్రోజులు తిండి మానేసి ఒక్కడే పేర్చేడండి పాపం. మేం పాటలు పాడుకున్నామంతే."

ఉద్యోగం నిలబడింది. తిరుగు బస్సులో రాజోలు దాకా నన్నెవరూ ఒక్క మాట అనలేదు, నాలుగు తిట్టినా బాగుండేది. క్షమించమందామని అత్త పక్కన కూర్చుంటే, "మొహం పీక్కుపోయింది, ముందు తినరా నాన్నా," అని అరటిపండు వలిచి చేతిలో పెట్టింది.

ఇప్పటికీ అదే బడిలో ఉన్నాను. ఏటా ఎగ్జిబిషన్‌లో ఎవడో ఒకడు ఛాతీ విరుచుకుని, అంతా నేనొక్కణ్ణే చేశాను సార్ అంటాడు. వాడిలో నేనే కనబడి నవ్వొస్తుంది. ఏమీ అనను. వాడి వెనక నిలబడ్డవాళ్లెవరో చూసి, వాళ్లకి కుర్చీలు వేయిస్తాను.