మేం వదిలేసిన పగడపు బండ

పోయిన వారం పొద్దున్నే బోటు కడుగుతుంటే రేవు ఆఫీసులోంచి నాకు ఫోనుందని కేకేశారు. పంతులమ్మ భర్త. "బాబాయ్, రాత్రి పోయింది" అన్నాడు. ఫోన్ పెట్టేసి వచ్చేసరికి గొట్టం నీళ్లు అలాగే పోతున్నాయి. కట్టెయ్యాలని కూడా తోచలేదు.

ఈ పత్రికలో పెద్ద చదువులవాళ్లు రాస్తారు. నేను చదివింది మూడో క్లాసు. తప్పులుంటే మీరే దిద్దుకోండి. కానీ పంతులమ్మతో ఏళ్ల తరబడి సముద్రం మీద తిరిగింది నేను, మీరు కాదు. అంచేత నేనే రాయాలి.

మాది భీమిలి పక్క పల్లె. ఓడ పనిమీద వచ్చి ఫ్లోరిడాలో ఆగిపోయాను, చేపలు పట్టే సరదా ఉన్నవాళ్లని తిప్పడానికి ఒక బోటు కొనుక్కున్నాను. ఒకరోజు ఇంజిను మొరాయిస్తే దాన్ని తిట్టరాని తిట్లు తిడుతున్నాను. వెనకనించి ఒకావిడ, "ఆ తిట్టు విని ఎన్నాళ్లయిందో! ఇంకోసారి తిట్టు బాబాయ్" అంది. అలా మొదలైంది. కాలేజీలో సముద్రపు జీవుల పాఠం చెప్పేది. డాక్టరేటుందిట. నాకు మాత్రం పంతులమ్మే.

పగడం గోరువెచ్చటి నీళ్లలో పెరిగే ప్రాణి. మా రేవు ఎదుట సముద్రం దానికి పొలిమేర. అక్కణ్ణించి ఉత్తరానికి పోతే చలికి బతకదు. ఆ పొలిమేరలో ఉన్నవాటి మీదే ఆవిడ ప్రాణమంతా. బోటెక్కగానే ముందు చెయ్యి నీళ్లలో పెట్టి చూసేది. తర్వాతే ఫ్లాస్కులో కాఫీ. "అది రాయీ కాదు, చెట్టూ కాదు బాబాయ్. మన తెలుగువాళ్లలాగే, వచ్చిన చోట ముందు ఇల్లు కట్టేస్తుంది" అనేది. ఉగాది భోజనాల దగ్గర ఒకావిడ, మా అమ్మాయికి కుజదోషం, ఉంగరానికి ఒక పగడం తెచ్చిపెట్టమని పట్టుకుంది. "తెస్తాను వదినా. కానీ ఇది వేలికి పెట్టుకుంటే కుజుడితోపాటు పెళ్లికొడుకూ పారిపోతాడు, అంత కంపు" అంది.

డెబ్భై ఏడులో మయామీలో మంచు పడింది, గుర్తుందా? ఆ చలికి పొలిమేర పగడాలు చాలా చచ్చిపోయాయి. నీళ్లలోంచి పైకొచ్చి ఆవిడ బోటులో కూలబడింది. "ఇంకో చలికాలం వస్తే మిగిలినవీ పోతాయి. దక్షిణాన దీవుల దగ్గర వెచ్చగా ఉంటుంది, తీసుకుపోదాం" అంది. నాకూ అదే సబబు అనిపించింది. ఎండలు రాగానే బతికున్నవాటిని ఉలితో ఊడదీసి, తడి గోనెలు కప్పి, ట్రక్కులో పెట్టి తీసుకెళ్లాం. దారిపొడుగునా గోనెల మీద ఉప్పునీళ్లు చల్లుతూనే ఉంది, పసిపిల్లలకి పాలు పట్టినట్టు. ఒక్క బండ మాత్రం రాలేదు. రుబ్బురోలంత ఉంటుంది. నా ఉలి మొన విరిగింది. "వదిలెయ్ బాబాయ్, అదెలాగూ పోతుంది" అంది. వదిలేశాం.

తీసుకెళ్లినవి కొన్నేళ్లు బ్రహ్మాండంగా పెరిగాయి. ఎనభై ఏడు ఎండాకాలం దీవుల దగ్గర నీళ్లు కాగిపోయాయి. అన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. మావి ఒక్కటీ తేరుకోలేదు. అప్పటికే ఆవిడకి ఊపిరితిత్తుల జబ్బు, నీళ్లలోకి దిగకూడదన్నారు.

ఈ చలికాలం నన్ను పిలిపించింది. మంచంమీద దిండ్లకి ఆనుకుని ఉంది. "బాబాయ్, ఆ వదిలేసిన బండ ఏమైందో ఒక్కసారి చూసిరా. ఉన్నదున్నట్టు చెప్పాలి" అంది.

"నేనెప్పుడైనా లేనిది చెప్పానా అమ్మా?"

నాకు ట్యాంకులూ గొట్టాలూ అక్కర్లేదు. ఈ వయసులో కూడా మూడు బారల లోతుకి ఊపిరి బిగబట్టి దిగుతాను. దిగాను. నీళ్లు కొరికేస్తున్నాయి. బండ ఉంది. బతికే ఉంది. అప్పటికంటే పెరిగింది కూడా.

తిన్నగా వెళ్లి చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ మాత్రం, "అయితే కదపకపోతే అవన్నీ బతికేవి బాబాయ్" అంది.

కాదు అనొచ్చు. ఆవిడ భర్త గుమ్మంలో నిలబడి, అనమని కళ్లతోనే బతిమాలాడు. కానీ నాకు తెలియని దాన్ని కాదని ఎలా అంటాను? ఆవిడ నా చెయ్యి పట్టుకుని చూసింది. "ఇంకా చల్లగా ఉంది" అంది. తర్వాత ఆ ఊసే ఎత్తలేదు.

బండ చుట్టూ ఏముందని ఆవిడ అడగలేదు. అడిగుంటే చెప్పేవాణ్ణి. మిగతావాటిని ఊడదీసిన చోట్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, పంక్తిలో విస్తళ్లు ఎత్తేసినట్టు గుండ్రంగా, ఖాళీగా, అంచుల్లో నా ఉలి గాట్లతో. మధ్యలో ఆ ఒక్క బండ.