గాజుముక్క కాదండి

ఆ రోజుల్లో నాకు వచ్చిన ప్రతి కోపమూ న్యాయమైనదే. తొమ్మిదో తరగతి వయసు అలాంటిది. తర్వాత ఒక్కొక్కటే తలచుకుంటే చాలావాటికి సిగ్గేసింది. ఒక్క కోపం విషయంలో మాత్రం ఇప్పటికీ తప్పు నాది కాదనే నా గట్టి అభిప్రాయం. మీరే విని చెప్పండి.

మాది రావులపాలెం దగ్గర అరటితోటల ఊరు. నాన్న తోటలో పిచికారీకి తెచ్చే ఎరువుల్లో పంచదారలా తెల్లగా ఉండే ఉప్పు ఒకటుంది. అసలు పేరు మోనో అమోనియం ఫాస్ఫేట్. మా వైపు ఎవరూ అంత కష్టపడరు, ప్యాకెట్ మీది అంకెలు చూసి "పన్నెండు అరవై ఒకటి" అంటారు. దాన్ని వేడినీళ్లలో కరిగించి చల్లారనిస్తే స్ఫటికాలు కడతాయని ఫోన్లో వీడియో చూశాను. బడిలో సైన్స్ ఫెయిర్‌కి నెల్లాళ్లుంది. నాన్నని అడిగి అరకిలో తీసుకున్నాను (అడిగి అంటే, తీసుకున్నాక చెప్పి). కరిగించిన నీళ్లు పాత పంచె ముక్కతో వడగట్టి గాజు సీసాలో పోశాను. అడుగున కట్టిన పలుకుల్లో చక్కటిదాన్ని ఏరి, నైలాన్ దారానికి కట్టి అందులోనే వేలాడదీశాను. సీసా కదలకూడదు కాబట్టి నా మంచం కింద పెట్టి, నెల్లాళ్లూ అటువైపు చీపురు రానివ్వలేదు. "నా మాగాయ సీసా నాకిచ్చెయ్యవే" అని అమ్మ రోజూ పోరేది (ఎరువు పోసిన సీసాలో మాగాయ ఎలా పెడుతుందో నేను అడగలేదు). ఓసారి ఉక్కపోతకి సగం కరిగిపోతే ఏడ్చి, అన్నం మానేసి, మళ్లీ మొదలుపెట్టాను. చివరికి బొటనవేలంత అయింది. నాలుగు పలకలు, మొనదేలిన కొస, పుస్తకం మీద పెడితే కింద అక్షరాలు కనబడేంత తేట!

ఫెయిర్‌కి పొరుగూరి నుంచి జడ్జిగా ఒక మాస్టారు వచ్చారు. కళ్లజోడు ముక్కు చివరికి దించుకుని, అద్దాల్లోంచి తప్ప అన్ని వైపుల నుంచీ చూసేవారు. నా స్ఫటికాన్ని దారం పట్టుకుని పైకెత్తారు.

"ఎక్కడ కొన్నావమ్మా?"

"కొనలేదండి, పెంచానండి."

"పెంచావా? ఇదేమన్నా కోడిపిల్లా?"

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. రోజూ కొలిచి రాసిన నోటుపుస్తకం చూపిస్తే, "దస్తూరి బాగుంది" అన్నారు. అని ఊరుకున్నా బాగుండేది. "షాండ్లియర్ నుంచి ఊడిన గాజుముక్కలా ఉంది. నిజం చెప్పెయ్, మార్కులు తగ్గించన్లే" అన్నారు. నిజం చెప్పాలట! నెల్లాళ్లు చీపురుతో యుద్ధం చేసిన నన్ను! నా చెవులు కాలిపోయాయి.

వరండాలో మాస్టార్లకి టీ కాస్తున్నారు. పరుగెత్తి ఒక గ్లాసు వేడినీళ్లు, ఒక చెంచా తెచ్చి బల్ల మీద పెట్టాను.

"గాజైతే నీళ్లలో కరగదు కదండీ?"

"కరగదు."

"అయితే చూడండి" అని స్ఫటికాన్ని దారంతో సహా గ్లాసులో వేసి చెంచాతో తిప్పడం మొదలుపెట్టాను. నవ్వులు ఆగిపోయాయి. అంచులు గుండ్రంగా అయ్యాయి, కొస పోయింది. ఇంకా సగం ఉండగానే ఆయన కుర్చీలోంచి లేచారు.

"చాలమ్మా, నమ్మాను! బయటికి తీసెయ్."

తెలివున్న పిల్ల ఎవరైనా తీసేసేది. నాకు ఆ "నమ్మాను"లో చాలినంత పశ్చాత్తాపం వినబడలేదు. "లేదండి, పూర్తిగా చూడండి" అని తిప్పుతూనే ఉన్నాను. చివరికి చెంచాకి ఉత్త దారం చుట్టుకుని పైకొచ్చింది. దాన్ని అందరికీ చూపించాను. గెలిచాను!

ఆయన నెమ్మదిగా కూర్చుని, మార్కుల కాగితం తీసి, కలం మూత విప్పారు. "నువ్వు చెప్పింది నిజమేనమ్మా. ఇప్పుడు నేను దేనికి మార్కులెయ్యను?" అన్నారు.

మొదటి బహుమతి థర్మాకోల్ గాలిమరకి వెళ్లింది. అది తిరగడం కూడా వేలితో తోస్తేనే!

సాయంత్రం నాన్న బండి వెనక కూర్చుని ఈ అన్యాయమంతా ఆయన చెవిలో అరుస్తూ చెప్పాను. ఆయన ఊఁ కొడుతూ విన్నారు. కాలవ వంతెన దగ్గర బండి కాస్త నెమ్మది చేసి, "మొత్తం ఎందుకేశావే? ఓ మూల గిల్లి వేస్తే సరిపోయేది కదా" అన్నారు.

ఆ ముక్క నాకు తట్టలేదు. అన్ని వైపుల నుంచీ చూసిన ఆ మాస్టారికీ తట్టలేదు. మరి నాన్నకెందుకు తట్టాలి? రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ బల్ల ముందు నిలబడే అవకాశమొస్తే, రెండు జడలేసుకుని, పళ్లు బిగబట్టి చెంచా తిప్పుతున్న ఆ పిల్లని ఆపుతానా అనుకుంటూ ఉంటాను. ఆపను. ఆపినా వినదు. నీళ్లు ఒలికిపోకుండా గ్లాసు మాత్రం కాస్త గట్టిగా పట్టుకుంటాను.